రాతికి పట్టే పాచి - బోరోబుదూరు నేర్పిన పాఠం

నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చాలు, పెరటి బండలు, నూతి గట్టు, కోనేటి మెట్లు పాకుడు పట్టి జారుతుంటాయి. కొబ్బరిపీచుతో తోముతాం, మళ్లీ వాన, మళ్లీ పాచి. ఇది మన ఇళ్ల ఇబ్బంది మాత్రమే కాదు. ప్రపంచ ప్రసిద్ధి పొందిన శిల్ప సంపదకు కూడా ఈ పాచి పెద్ద ముప్పు తెచ్చింది. దానిని ఎలా అరికట్టారో తెలుసుకోవడం మనకూ ఉపయోగకరమే.

జావా ద్వీపంలోని బోరోబుదూరు బౌద్ధ స్తూపాన్ని శైలేంద్ర రాజుల కాలంలో, క్రీ.శ. 8, 9 శతాబ్దాలలో నిర్మించారు. 504 బుద్ధ విగ్రహాలు, 2,672 శిల్ప ఫలకాలు దీని వైభవం. కొన్ని శతాబ్దాలు చెట్టూచేమల మధ్య మరుగునపడిన ఈ కట్టడం 1814లో రాఫిల్స్ దొర చొరవతో మళ్లీ లోకం దృష్టికి వచ్చింది. 1907 నుండి 1911 వరకు డచ్చి ఇంజనీరు వాన్ ఎర్ప్ పై వేదికలను చక్కదిద్దాడు. అయినా కింది గోడలు ఒరగడం గాని, శిల్పాలపై పచ్చని పాచి పెరగడం గాని ఆగలేదు.

కారణం గోడ వెనుక ఉంది. ఈ స్తూపం లోపల గదులు లేవు. ఒక మట్టి గుట్టకు రాతి తొడుగు తొడిగినట్లు కట్టారు. రాళ్ల మధ్య సున్నం అతుకు లేదు. వాన నీరు సందుల గుండా గుట్టలోకి ఇంకి, తీరిగ్గా శిల్పాల గుండా బయటికి ఊరేది. నాచుకు వేళ్లు అక్కరలేదు, మట్టి అక్కరలేదు. వెలుతురు, తడి ఉంటే చాలు. అది పట్టిన చోట తడి నిలుస్తుంది, ఆపై మెత్తని నాచుమొక్కలు మొలుస్తాయి. లైకెన్లు కూడా చేరతాయి. మన వంటింటి మసాలాలోని రాతిపువ్వు ఆ జాతిదే. అవి వదిలే ఆమ్లాలు రాతిని మెల్లగా తింటాయి.

అందుకే యునెస్కో సహాయంతో 1973లో మొదలైన పనిలో తోమడంతో సరిపెట్టుకోలేదు. పది లక్షలకు పైగా రాళ్లను ఊడదీసి, కంప్యూటరు సాయంతో లెక్క కట్టి, శుభ్రపరచి, గోడల వెనుక నీరు చొరని పొరలు, మురుగు గొట్టాలు అమర్చి, తిరిగి యథాస్థానంలో పేర్చారు. 1983 ఫిబ్రవరి 23న పని ముగిసింది.

ఇందుకు భిన్నమైన అనుభవం కంబోడియాలోనిది. అక్కడి అంగ్‌కోర్ వాట్ ఆలయాన్ని 1986 నుండి 1993 వరకు మన భారత పురావస్తు శాఖ బాగుచేసింది. యుద్ధపు గాయాలు మానని దేశంలో మనవారు చేసిన ఆ సేవ గర్వించదగినదే. అయితే పలుచని అమ్మోనియా ద్రావణంతో, కుంచెలతో పాచిని కడిగించినప్పుడు మెత్తని ఇసుకరాయి పైపొర అరిగిందని కొందరు విదేశీ నిపుణులు విమర్శించారు. కాలక్రమేణా నల్లని పొర మళ్లీ కనిపించింది. పాచిని తొలగించడం వేరు, రాకుండా చేయడం వేరు అని ఈ రెండు ఉదంతాలూ చెబుతున్నాయి.

మన వాకిళ్లకూ ఇదే సూత్రం. నీరు నిలవకుండా వాటం చూడాలి. కారే గొట్టం, ట్యాంకు బాగుచేయించాలి. ఎండ తగిలేలా కొమ్మలు కొట్టించాలి. రాలిన ఆకులు ఊడ్పించాలి. మన తాండూరు, కడప, బేతంచెర్ల బండలు సున్నపురాయి జాతివి. వాటిపై యాసిడ్ పోస్తే పాచితోపాటు రాయీ కరిగి గరుకుదేలుతుంది. ఆ గరుకులో తడి నిలిచి పాచి మరింత త్వరగా పడుతుంది. మెత్తని కుంచె, మంచినీరు, కాస్త ఓపిక మేలు.

మన వయసులో ఒక్క జారుపాటు చాలు, తుంటి ఎముక విరగడానికి. శిల్పానికైనా, మనిషికైనా తడిని ముందే దూరం పెట్టడమే రక్ష.