సూదికి ముందే శరీరంపై: ఇంజెక్షన్ ఇన్ఫెక్షన్ల మూలాలపై చారిత్రక పరిశీలన

మాదకద్రవ్యాలను ఇంజెక్షన్ ద్వారా తీసుకునేవారిలో చీముగడ్డలు, రక్తంలో ఇన్ఫెక్షన్, గుండె కవాటాల ఇన్ఫెక్షన్ తరచుగా కనిపిస్తాయి. వీటికి ‘మురికి సూది’ కారణమన్నది సాధారణంగా వినిపించే సమాధానం. ఆ సమాధానం ఎంతవరకు సరైనదో వైద్యచరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ చరిత్రలోని రెండు తొలి ఘట్టాలూ స్కాట్లండ్‌కు చెందినవే. 1853లో ఎడిన్‌బరో వైద్యుడు అలెగ్జాండర్ వుడ్ నొప్పి నివారణకై సిరంజితో చర్మం కిందికి మందు ఎక్కించే పద్ధతిని చేపట్టాడు. సుమారు మూడు దశాబ్దాల తర్వాత అబర్డీన్ శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ చీములో ద్రాక్షగుత్తుల వంటి సూక్ష్మజీవులను పరిశీలించి, 1882లో వాటికి ‘స్టఫిలోకాకస్’ అని పేరుపెట్టాడు. 1884లో జర్మన్ వైద్యుడు రోజెన్‌బాక్ వాటిలో బంగారు వన్నె గలదానిని ‘ఆరియస్’గా వేరుచేశాడు. ఈ బాక్టీరియా ఎందరో ఆరోగ్యవంతుల ముక్కులో, చర్మంపై హాని చేయకుండానే నివసిస్తుంది. అటువంటివారిని వాహకులు అంటారు. చర్మం చెక్కుచెదరనంతవరకు వారికి ముప్పు తక్కువ. సూది దిగిన చోట ఆ రక్షణ తెగిపోతుంది.

1974లో అమెరికా వైద్యులు టువాజోన్, షీగ్రెన్ హెరాయిన్ ఇంజెక్షన్ తీసుకునేవారిలో ఈ బాక్టీరియా వాహకుల నిష్పత్తి ఎక్కువని చూపారు. వారి బృందమే వీధిలో అమ్మే హెరాయిన్‌ను, ఇంజెక్షన్ సామగ్రిని పరీక్షించగా, వాటిలో స్టఫిలోకాకస్ ఆరియస్ అరుదుగానే కనిపించింది. అంటే చాలా సందర్భాల్లో ఈ బాక్టీరియాకు మూలం సూది కాదు, ఆ వ్యక్తి శరీరమే. హెచ్ఐవీ, హెపటైటిస్ నివారణకు కొత్త సూది తప్పనిసరి. కానీ ఈ బాక్టీరియా విషయంలో అది ఒక్కటే చాలదు. చేతులను, సూది దిగే చోటును శుభ్రపరచడమూ అంతే ముఖ్యం.

మూడో మూలాన్ని మళ్లీ స్కాట్లండే బయటపెట్టింది. 2000లో గ్లాస్గోలో హెరాయిన్ వాడేవారికి క్లాస్ట్రీడియం నోవీ అనే బాక్టీరియా ప్రాణాంతకంగా సోకింది. 2009 డిసెంబరులో అక్కడే ఆంత్రాక్స్ కేసులు బయటపడ్డాయి. 2010 చివరినాటికి స్కాట్లండ్‌లో 119 కేసులు నమోదయ్యాయి. 14 మంది మరణించారు. ఈ రెండు బాక్టీరియాలూ గట్టి కవచం గల స్పోర్లుగా మారి, ప్రతికూల పరిస్థితుల్లోనూ చిరకాలం జీవించగలవు. ఆంత్రాక్స్ స్పోర్లు హెరాయిన్‌తోనే శరీరంలోకి చేరాయని పరిశోధకులు నిర్ధారణకు వచ్చారు. సరుకే కలుషితమైనప్పుడు కొత్త సూదీ కాపాడలేదు, కడిగిన చర్మమూ కాపాడలేదు.

సూది, శరీరం, సరుకు: ప్రమాదం ఈ మూడింటిలో దేని నుంచైనా రావచ్చు. ‘మురికి సూది’ అన్న మాట ఈ భేదాన్ని చెరిపివేస్తుంది. అంతేకాక, సూదికి చేర్చిన విశేషణం క్రమంగా మనిషికి అంటుకుంటుంది. ఆ నిందకు వెరచి, గడ్డ ముదిరేవరకు ఆసుపత్రికి వెళ్లనివారున్నారు. తొలిదశలో చికిత్సకు లొంగే ఇన్ఫెక్షన్ గుండె వరకు పాకడానికి ఆ ఆలస్యమే చాలు. కనుక మూలాన్ని సరిగా గుర్తించడం ఇక్కడ చికిత్సలో తొలి మెట్టు.