గుంటూరు గ్రహణం నుంచి ఫోన్ తెర దాకా: ఒక తజుర్బా తారీఖ్

ఉర్దూలో ‘తజుర్బా’ అనే లఫ్జ్‌కి రెండు అర్థాలు. ప్రయోగమూ తజుర్బానే, అనుభవమూ తజుర్బానే. నేను చదివిన ఉర్దూ మీడియం బడిలో సైన్స్ కితాబ్ నిండా తజుర్బాలే. బల్ల మీద మాత్రం ఒక్క ఆలా ఉండేది కాదు. వెర్నియర్ కాలిపర్స్‌ని సుద్దముక్కతో గీసిన బొమ్మగానే చూశాం.

నిజానికి మన కృష్ణా తీరంలో ఆలాల తారీఖ్ చిన్నదేం కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఈ ఇలాఖా మీదుగా సాగింది. దాన్ని చూడ్డానికి ఫ్రాన్స్ నుంచి జూల్ జాన్సన్ గుంటూరులో మకాం వేశాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం చేరాడు. వాళ్ల చేతిలో స్పెక్ట్రోస్కోప్ ఉంది. సూర్యుడి అంచున లేచే మంటల రోష్నీని అది రంగుల గీతలుగా విడదీసింది. మర్నాడు గ్రహణం లేకుండానే జాన్సన్ ఆ గీతల్ని మళ్లీ పట్టుకున్నాడు. ఆ మంటల్లో కనిపించిన పసుపు గీత వెంట సాగిన తలాష్‌లోనే హీలియం ఉనికి బయటపడింది.

ఆ ఆలాకి తమ్ముడిలాంటి స్పెక్ట్రోమీటర్ ఇప్పుడు డిగ్రీ ప్రాక్టికల్స్‌లో ఉంటుంది. ఒకటే ఆలా, చుట్టూ పదిమంది షాగిర్దులు. తిప్పేది ఒకడు, రీడింగ్ రాసుకునేది తొమ్మిదిమంది.

ఈ కొరత తీర్చడానికే 2009లో కేంద్ర ప్రభుత్వం వర్చువల్ ల్యాబ్స్ మొదలుపెట్టింది. మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా అందులో షరీక్. తెర మీద స్పెక్ట్రోమీటర్ కనిపిస్తుంది. వేలితో ప్రిజం బల్ల తిప్పితే కాంతి ఎంత వంగాలో ప్రోగ్రాం లెక్కగట్టి గీతను జరుపుతుంది. వెర్నియర్ మీది అంకెను మనమే చదవాలి.

అసలు కహానీ ఆ తెర వెనకాల ఉంది. ఇలాంటి పాఠాల్ని మొదట్లో జావా ఆప్లెట్లుగా, తర్వాత ఫ్లాష్‌లో రాసేవారు. రెండిటికీ బ్రౌజర్‌లో విడిగా ఒక ప్లగిన్ కావాలి. 2015లో క్రోమ్ ఆ పాత ప్లగిన్‌ల దర్వాజా మూసేసింది. 2020 డిసెంబర్ 31తో అడోబీ ఫ్లాష్‌కి అల్విదా చెప్పింది. ఏళ్ల మెహనత్‌తో చేసిన పాఠాలెన్నో ఖాళీ డబ్బాలుగా మిగిలాయి. వాటిలో చాలావాటిని కొత్తగా రాయాల్సి వచ్చింది. అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ 2002లో మొదలుపెట్టిన ఫెట్ బొమ్మల ప్రయోగాలకూ అదే గతి పట్టింది.

వాటికి కొత్త జిందగీ ఇచ్చింది 2014లో ప్రమాణంగా ఖరారైన హెచ్‌టీఎమ్‌ఎల్5. కాన్వాస్ బొమ్మ గీస్తుంది, జావాస్క్రిప్ట్ లెక్క కడుతుంది, వెబ్‌జీఎల్ ఆలాను మూడువైపులా తిప్పి చూపిస్తుంది. ఇవేవీ ఒక్క కంపెనీ జాగీరు కావు. ప్లగిన్ అక్కర్లేదు, మామూలు ఫోన్ చాలు.

మన ఇళ్లకు ఇది చిన్న ఫాయిదా కాదు. కంప్యూటర్ లేని ఇంట్లో, అబ్బా ఫోన్ సాయంత్రం గంటసేపు చేతికొచ్చే బేటీకి ఆ గంటలోనే ల్యాబ్ తెరుచుకుంటుంది. తప్పు చేస్తే గద్దించే ఉస్తాద్ ఉండడు, అద్దం పగులుతుందనే ఖౌఫ్ ఉండదు.

కానీ తెర మీది స్లిట్‌లో దుమ్ము పడదు. మర బిగుసుకోదు, చెయ్యి వణకదు. గుంటూరులో జాన్సన్‌కు అక్కరకొచ్చింది ఆలాతో కలిసి సంపాదించిన హునర్. అందుకే నా గుజారిష్ ఇదీ: పిల్లలు ప్రాక్టికల్స్‌కి వెళ్లే ముందు రాత్రి ఫోన్‌లో ఆ ఆలాను నాలుగుసార్లు తిప్పనివ్వండి. మర్నాడు కాలేజీలో అసలు ఆలా మన బిడ్డ చేతికి ఇస్తున్నారా లేదా అని తల్లిదండ్రులుగా వెళ్లి అడగండి. తజుర్బాకి ఉన్న రెండు అర్థాలూ దక్కడం వాళ్ల హక్కు.