వోస్తోక్ మంచులోని ప్రాచీన వాయువు

1957 జులై మొదలు 1958 డిసెంబరు వరకు ప్రపంచ దేశములు జరిపిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరమున, సోవియట్ శాస్త్రజ్ఞులు దక్షిణ ధ్రువఖండపు నడిబొడ్డున వోస్తోక్ అను పరిశోధనా కేంద్రమును స్థాపించిరి. 1959లో పండ్రెండు దేశములు ఒడంబడిక చేసికొని, ఆ ఖండమున సైనిక చర్యలను నిషేధించి, దానిని శాస్త్రపరిశోధనకు విడిచిపెట్టెను. అమెరికా, సోవియట్ రాజ్యములు ఒండొంటిని శంకించుచున్న కాలమున ఇది సామాన్యమైన సంగతి కాదు.

వోస్తోక్‌లో సోవియట్ నిపుణులు మంచును లోతుగా తొలిచి, స్తంభములవంటి ఖండములను వెలికిదీయుచుండిరి. ఏటేట కురియు హిమము పొరలుపొరలుగా గట్టిపడునపుడు, ఆనాటి గాలి బుడగలై అందు చిక్కుకొనును. పని యెంత కఠినమో చెప్పుటకు ఒక్క సంగతి చాలును. 1982లో అచ్చటి విద్యుత్కేంద్రము దగ్ధముకాగా, ఆ ధ్రువశీతకాలమును సిబ్బంది చేతనైన పొయ్యిలతో గడపిరి. 1983లో శీతము సున్నకు దిగువ 89.2 డిగ్రీలకు దిగెను.

1984 చివర ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లోద్ లోరియూస్ బృందముతో వోస్తోక్ చేరెను. వారిని చేర్చినది అమెరికా విమానము! సోవియట్ వారు తీసిన మంచు ఫ్రాన్సులో పరీక్షింపబడెను. 1987లో ఫలితములు వెలువడెను. గడచిన 1,60,000 సంవత్సరములలో బొగ్గుపులుసు వాయువు హెచ్చినపుడు వేడిమి హెచ్చినది, తగ్గినపుడు తగ్గినది. 1999 నాటికి ఈ లెక్క 4,20,000 సంవత్సరములకు విస్తరించెను. అంతకాలమున ఆ వాయువు పదిలక్షల పాళ్లలో సుమారు 300 పాళ్లను మించలేదు. 2024లో అది 420 దాటియుండెను.