వీడియో కోడెక్‌ల పరస్పర అనుకూలత

వీడియో కోడెక్ అనగా దృశ్య సమాచారాన్ని కుదించి నిల్వ చేయుటకు, మరల విప్పి తెరపై చూపుటకు ఉపయోగపడే సాఫ్టువేరు లేక పరికరం. కోడర్, డీకోడర్ అనే రెండు పదాల కలయికతో ఈ పేరు ఏర్పడినది. ఒక పద్ధతిలో కుదించిన వీడియోను చూడాలంటే ఆ పద్ధతి తెలిసిన డీకోడర్ కంప్యూటరులో ఉండాలి. లేనిచో ధ్వని వినిపించినా బొమ్మ కనిపించకపోవచ్చు.

కంటెయినరు, కోడెక్

ఫైలు పేరు చివర కనిపించే ఏవీఐ, ఎంపీ4, ఎంకేవీ అనేవి కోడెక్‌ల పేర్లు కావు. బొమ్మను, ధ్వనిని ఒకచోట ఉంచే పెట్టెల వంటి వీటిని కంటెయినర్లు అంటారు. మైక్రోసాఫ్ట్ 1992లో ప్రవేశపెట్టిన ఏవీఐలో అనేక కోడెక్‌ల వీడియోలను ఉంచవచ్చును. అందుచేత ఒక ఏవీఐ ఫైలు ఆడిన కంప్యూటరులోనే మరొకటి ఆడకపోవచ్చు. ఫైలు పేరు చివరి అక్షరాలను మార్చినంత మాత్రాన లోపలి వీడియో మారదు.

డివ్ఎక్స్, ఎక్స్‌విడ్

అనుకూలత చిక్కులకు ఇవి చక్కని ఉదాహరణ. డివ్ఎక్స్ తొలి రూపం మైక్రోసాఫ్ట్ కోడెక్‌ను అనుమతి లేకుండా మార్చి తయారు చేసినది. తరువాత ఏర్పడిన డివ్ఎక్స్ సంస్థ 2001లో ఓపెన్‌డివ్ఎక్స్ అనే బహిరంగ ప్రాజెక్టును ప్రారంభించి అదే ఏడాది ఆపివేసింది. దాని నుండి స్వచ్ఛంద ప్రోగ్రామర్ల చేతిలో ఎక్స్‌విడ్ పుట్టింది. ఆంగ్లంలో డివ్ఎక్స్ అక్షరాలను వెనుక నుండి చదివితే వచ్చే పేరే ఇది!

ఈ రెండూ ఎంపెగ్-4 రెండవ భాగమనే ప్రమాణాన్ని అనుసరించినందున ఒకదాని వీడియోను మరొకటి చాలావరకు విప్పగలదు. అయితే ఏవీఐ ఫైలులో ఫోర్‌సీసీ అనే నాలుగక్షరాల గుర్తు ఉంటుంది. ప్లేయరు ఆ గుర్తును బట్టే డీకోడరును వెదకుతుంది. ఎక్స్‌విడ్ గుర్తు గల ఫైలును ఆడించని కొన్ని ప్లేయర్లు, గుర్తును డివ్ఎక్స్‌గా మార్చగానే అదే ఫైలును ఆడించేవి. వీడియోలో ఒక్క బిట్ కూడా మారకపోవడం గమనార్హం. గ్లోబల్ మోషన్ కాంపెన్సేషన్ వంటి ప్రత్యేక సదుపాయాలు వాడిన ఫైళ్ళకు మాత్రం ఈ ఉపాయం చాలదు. వాటిని అనేక డీవీడీ ప్లేయర్లు సరిగా చూపలేకపోయేవి.

తరువాతి కోడెక్‌లు

2003లో వెలువడిన హెచ్.264 నేడు దాదాపు ప్రతి కంప్యూటరులోను ఆడుతుంది. కాని 10 బిట్ల హెచ్.264 వీడియోకు చాలా గ్రాఫిక్స్ చిప్‌ల సహాయం లభించదు. హెచ్.265 (2013) వ్యాప్తికి పేటెంటు రుసుములు అడ్డయ్యాయి. రుసుము లేకుండా వాడుకొనుటకు 2018లో విడుదలైన ఏవీ1, దానికి తగిన చిప్ లేని పాత కంప్యూటర్లలో ఆగి ఆగి ఆడవచ్చు.

పరిష్కారాలు

వీఎల్‌సీ ప్లేయరు డీకోడర్లను తనలోనే కలిగియుండుట వలన చాలా ఫైళ్ళకు అదే చాలును. ఊరూ పేరూ లేని కోడెక్ మూటలను దించుకొని స్థాపిస్తే అవి ఒకదానితో ఒకటి పడక ఉన్నవి కూడా పనిచేయకపోవచ్చు. లోపం కంటెయినరులోనే ఉన్నచో ఎఫ్ఎఫ్ఎంపెగ్ ద్వారా వీడియోను ఉన్నదున్నట్లు వేరొక కంటెయినరులోకి మార్చవచ్చు, నాణ్యత తగ్గదు. వేరొక కోడెక్‌లోకి మార్చినప్పుడు సాధారణంగా ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది, పోయినది తిరిగి రాదు. కనుక పెళ్ళి వీడియోల వంటివి మార్చుకొన్నను మూల ఫైలును చెరపక దాచుకోవాలి.