ఇంజనీరునకు రెండు కన్నులు

జ్ఞానమునకు సాధనములుగా మన తార్కికులు చెప్పిన ప్రమాణములలో ముఖ్యమైనవి రెండు: ప్రత్యక్షము, అనుమానము. కొండమీద పొగను చూచి అచట నిప్పు కలదని నిశ్చయించుట అనుమానము. కొండయెక్కి ఆ నిప్పును కన్నులార చూచుట ప్రత్యక్షము. అయితే పొగ యున్నచోట నిప్పుండునను సంగతిని వంటయింటిలో పలుమారులు చూచి యెరిగినవానికే కొండమీది పొగ అర్థమగును. కనుక అనుమానమునకు ప్రత్యక్షమే పునాది. అట్లే కన్ను చూచినదానికి కారణమేమో కన్ను చెప్పలేదు. అందులకు మరల అనుమానమే శరణ్యము.

ఈ ప్రాచీన విచారమే నేడు ఇంజనీరుల యెదుట క్రొత్త వేషమున నిలిచినది. ఒక వంతెననో, ఓడనో, విమానమునో అంకెల రూపమున కంప్యూటరులో నిర్మించి, దానిపై గాలిని, బరువును, నీటి ఒత్తిడిని గణితముచే ప్రయోగించి చూచుట ఒక మార్గము. దీనిని అనుకరణమందురు. నిజమైన వస్తువునుగాని, దాని నమూనానుగాని ప్రయోగశాలలో నిలిపి, లాగి, వంచి, విరిచి చూచుట రెండవ మార్గము. కంప్యూటరులు ఇంత శక్తిమంతములైన కాలమున ఈ విరిచి చూచుట యెందులకని అడుగువారు కలరు. కేవల గణనమును నమ్మరాదని, చేతితో చూచినదే సత్యమని వాదించువారును కలరు. గత నూటయేబది యేండ్ల ఇంజనీరింగు చరిత్ర ఈ యిరువురికిని సమాధానము చెప్పుచున్నది.

మొదటి కథ ఓడలది. ఒక ఓడ ఫలానా వేగమున పోవుటకు ఎంత శక్తి కావలెను? ఆవిరి ఓడలు నిర్మించువారికి 19వ శతాబ్దమున ఇది పెద్ద ప్రశ్న. యంత్రము చాలకున్నచో ఓడ సాగదు. మించినచో బొగ్గు దండుగ. చిన్న నమూనాలను నీటిలో లాగి చూచుట అదివరకే యుండెను. కాని నమూనాపై దొరికిన అంకెను పెద్ద ఓడకు హెచ్చించినప్పుడెల్ల ఫలితము తప్పుచుండెను. జాన్ స్కాట్ రస్సెల్ వంటి ప్రసిద్ధ నౌకానిర్మాత సైతము నమూనాలవలన పెద్ద ఓడల గుణము తెలియదని వాదించెను.

విలియం ఫ్రూడ్ (1810–1879) అను ఆంగ్ల ఇంజనీరు 1867లో రెండు ఆకృతుల నమూనాలు చేయించెను. వానికి హంస, కాకోలము అను అర్థమిచ్చు ‘స్వాన్’, ‘రేవెన్’ అను పేర్లు పెట్టి, ఒక్కొక్క ఆకృతిని 3, 6, 12 అడుగుల మూడు పరిమాణములలో నిర్మించి నదిలో లాగించి చూచెను. ఒక వేగమున ఒక ఆకృతి మేలుగాను, వేరొక వేగమున రెండవది మేలుగాను కనబడెను. చిన్న నమూనా, పెద్ద నమూనా లేపు అలలు మాత్రము తగిన వేగములలో ఒకే తీరున నుండెను. నమూనా ఓడలో పదునారవ వంతు పొడవుగలదైనచో, ఓడ వేగములో నాలుగవ వంతు వేగమున దానిని లాగవలెను. అప్పుడు రెండింటి చుట్టును అలల పొందిక సరిపోవును.

మరి పూర్వులెందుకు తప్పిరి? నీరు ఓడకు కలిగించు అడ్డు ఒకటి కాదు, రెండు. ఓడ ఒంటిని నీరు ఒరయుటవలన కలుగునది ఒకటి. అలలు లేపుటకు వ్యయమగు శక్తివలన కలుగునది రెండవది. అలలకు సంబంధించిన అడ్డు పైసూత్రము ననుసరించి పెరుగును. ఒరపిడికి వేరొక సూత్రము. రెండింటిని ఒకే గుణకముతో హెచ్చించుటయే పూర్వుల పొరపాటు. ఫ్రూడ్ పలకలను నీటిలో లాగి ఒరపిడిని విడిగా కొలిచెను. నమూనాపై కొలిచిన మొత్తము అడ్డునుండి ఒరపిడిని లెక్కగట్టి తీసివేసెను. మిగిలినదానిని ఓడ పరిమాణమునకు పెంచెను. తరువాత ఓడకు తగిన ఒరపిడిని మరల లెక్కగట్టి కలిపెను. ఇందు ప్రయోగము లేక గణనము లేదు. గణనము లేక ప్రయోగమునకు అర్థము లేదు.

బ్రిటిషు నౌకాదళాధికారులు 1870లో ఆయనకు 2,000 పౌనులు మంజూరు చేయగా, టార్కీ పట్టణమున తన యింటి చెంత నిడుపైన నీటితొట్టిని కట్టించెను. అందు మైనపు నమూనాలను లాగుచు పరీక్షలు సాగించెను. 1871లో ‘గ్రేహౌండ్’ అను నిజమైన ఓడను ‘యాక్టివ్’ అను మరియొక ఓడచే లాగించి, త్రాటిపై పడిన బలమును కొలిపించెను. నమూనా చెప్పిన జోస్యము దానితో చాలవరకు సరిపోయెను. నేటికిని ప్రపంచపు నౌకా పరిశోధనాలయములలో అట్టి తొట్లు కలవు.

రెండవ కథ విషాదకరమైనది. 1952 మే 2వ తేదీన ‘కామెట్’ అను బ్రిటిషు విమానము లండనునుండి జోహాన్నెస్‌బర్గునకు బయలుదేరెను. ప్రయాణికులను క్రమముగా చేరవేసిన మొదటి జెట్ విమానమదియే. సరిగా ఏడాదికి, 1953 మే 2వ తేదీన, కలకత్తా విడిచిన ఒక కామెట్ తీవ్రమైన తుఫానులో చిక్కి కూలగా 43 మంది మరణించిరి. దానిని తుఫాను చేసిన పనిగా భావించిరి. 1954 జనవరి 10న రోమునుండి లండను పోవుచున్న కామెట్ ఎల్బా ద్వీపము చెంత ఆకాశముననే విచ్ఛిన్నమయ్యెను. 35 మంది మరణించిరి. ఏప్రిల్ 8న రోమునుండి కైరో పోవుచున్న మరియొకటి అట్లే ఇటలీ తీరమున సముద్రము పాలయ్యెను. 21 మంది మరణించిరి. ఈసారి తుఫాను లేదు. కామెట్ విమానములన్నియు నేలపై నిలిచిపోయెను.

విచారణ భారము ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంటుపై పడెను. దాని యధిపతి ఆర్నల్డ్ హాల్. ఇనుపతీగను ఒకసారి వంచినచో విరుగదు. అటునిటు పలుమారులు వంచినచో విరుగును. దీనినే లోహపు అలసట యందురు. ఎత్తున ఎగురునప్పుడు ప్రయాణికుల ఊపిరి నిమిత్తము విమానపు గదిలో గాలిని ఒత్తి నింపుదురు. దిగినప్పుడు ఒత్తిడి తగ్గును. ప్రతి ప్రయాణమునకును విమానపు ఒడలు ఒకమారు ఉబ్బి, ఒకమారు తగ్గుచుండును. ఈ కారణముననే అలసట కలిగినదేమోయని పరీక్షింపవలసి వచ్చెను.

గాలితో నింపి పరీక్షించినచో, పగిలినప్పుడు గది బాంబువలె ప్రేలి, పగులు ఎచట మొదలైనదో గుర్తు దొరకదు. అందుచే ఒక కామెట్ విమానపు ఒడలిని పెద్ద నీటితొట్టిలో ముంచి, లోపలను నీరే నింపిరి. నీరు ఒత్తిడికి అణగదు కనుక పగులు పుట్టగనే ఒత్తిడి పడిపోవును. పగులు ఉన్నచోటనే నిలుచును. రెక్కలను యంత్రములతో వంచుచు, నీటి ఒత్తిడిని హెచ్చించుచు తగ్గించుచు రాత్రింబవళ్లు కృత్రిమ ప్రయాణములు చేయించిరి. నిజమైన ప్రయాణములును తొట్టిలోని ప్రయాణములును కలిసి 3,000 దాటినపిదప గది పగిలెను. పగులు ఒక కిటికీ మూలనుండి మొదలైనది. సముద్రపు అడుగునుండి తీసిన ఎల్బా విమానపు శకలములలోను పైకప్పునందలి యొక కిటికీవంటి రంధ్రము మూలను అలసట చిహ్నము కనబడెను.

ఇచట గమనింపదగిన విషయమొకటి కలదు. నిర్మాతలు పరీక్ష చేయకుండ విడువలేదు. విమానపు ముందుభాగమును వారు ముందే పరీక్షింపగా అది సుమారు 18,000 మారులు ఒత్తిడిని తట్టుకొనెను. మరి నిజమైన విమానములు అంత త్వరగా ఎట్లు పగిలినవి? పరీక్షించిన ఆ భాగముపై అంతకు మునుపే, దాని బలము చూచుటకై, మామూలుకు రెండింతల ఒత్తిడి ప్రయోగించి యుండిరి. దానిచే కిటికీ మూలలయందలి లోహము కొంచెము సాగెను. ఒత్తిడి తీసినపిదప ఆ సాగినచోటు చుట్టునున్న లోహముచే నొక్కబడి, పగుళ్లు పుట్టుటకు ఆలస్యమయ్యెను. పరీక్షయే పరీక్షావస్తువును బలపరచినదన్నమాట! ప్రయాణికులతో ఎగిరిన విమానములకు ఆ భాగ్యము లేదు. కిటికీ మూలలయందు బలమెంత పడునో సూక్ష్మముగా లెక్కగట్టుట నమ్మదగినది కాదని తలచి నిర్మాతలు పరీక్షమీదనే ఆధారపడిరి. ఫార్న్‌బరోలో కొలిచి చూడగా అచట పడు బలము వారు తలచినదానికంటె మిక్కిలి హెచ్చుగా నుండెను. ఆ లెక్క చేతనున్నచో, 18,000 అను అంకె సంతోషమునకు బదులు సందేహమును కలిగించియుండెడిది. గణనపు తోడులేని ప్రయోగము కూడ మోసగించునని కామెట్ కథ చాటినది. లోపములు దిద్దిన ‘కామెట్ 4’ 1958 అక్టోబరులో మరల ప్రయాణములు ప్రారంభించెను.

ఆ కాలముననే సూక్ష్మమైన గణనమునకు సాధనము సిద్ధమగుచుండెను. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అను నలుగురు విమానపు రెక్కల దృఢత్వమును లెక్కించు పద్ధతి నొకదానిని ప్రకటించిరి. 1960లో రే క్లఫ్ దానికి పెట్టిన పేరుకు ‘పరిమిత మూలక పద్ధతి’ యని అర్థము. క్లిష్టమైన ఆకృతిని చిన్నచిన్న తునకలుగా విభజించి, ఒక్కొక్క తునకకు సులభమైన సూత్రము వ్రాసి, అన్నింటిని కలిపి కంప్యూటరుచే సాధించుటయే దాని సారము. ముగ్గు పెట్టువారికి ఇది కొత్త కాదు. చుక్కలు దగ్గరగా పెట్టినచో వంపు గీత వంపుగా వచ్చును. దూరముగా పెట్టి కలిపినచో మొరటుగా వచ్చును. తునకలును అంతే.

ఆ మొరటుదనము ఎంత ఖరీదైనదో నార్వే తెలిసికొన్నది. ఉత్తర సముద్రమున సహజవాయువు తీయుటకై ‘స్లైప్నర్ ఎ’ అను వేదికకు కాంక్రీటుతో పునాది నిర్మించిరి. 82 మీటర్ల లోతున నిలువవలసిన ఆ పునాదిలో 24 పెద్ద గదులు. 1991 ఆగస్టు 23న స్టవాంగర్ నగరము చెంత సముద్రపు పాయలో దానిని క్రమముగా ముంచి పరీక్షించుచుండగా ఒక గోడ పగిలెను. వచ్చు నీటిని పంపులు తోడలేకపోయెను. కట్టడమంతయు మునిగి సముద్రపు అడుగును తాకి ముక్కలయ్యెను. ప్రాణనష్టము లేదు, ధననష్టము సుమారు 70 కోట్ల డాలర్లని అంచనా.

గదులు కలియుచోట మూడు గోడల నడుమ త్రికోణాకారపు ఖాళీ యుండెను. అందు సముద్రపు నీరు పూర్తి ఒత్తిడితో నిలుచును. గోడను కత్తెరవలె అడ్డముగా కోయజూచు బలము అచట తీవ్రము. కంప్యూటరు గణనములో సరిగా ఆ చోటనే తునకలు పెద్దవిగా, వంకరగా నుండెను. దానిచే ఆ కోతబలము సుమారు 47 శాతము తక్కువగా లెక్కకు వచ్చెను. ఆ లెక్కను నమ్మి గోడలు పలుచగా కట్టిరి. లోపల వేసిన ఉక్కు ఊచలును చాలకపోయెను.

ప్రమాదము తరువాత మరింత చిన్న తునకలతో లెక్కించి చూడగా 62 మీటర్ల లోతున గోడ పగులునని తేలెను. నిజముగా పగిలినది 65 మీటర్ల వద్ద. అనగా పద్ధతి తప్పు కాదు. దానిని వాడిన తీరు తప్పు. ఆ తప్పును కనిపెట్టుటకు పెద్ద యంత్రములు కూడ అక్కరలేదు. ఆ మూల నమూనానొకదానిని పోతపోసి ప్రయోగశాలలో నొక్కి చూచినను, అనుభవజ్ఞుడు కాగితముమీద స్థూలముగా లెక్క వేసినను సందేహము పుట్టియుండెడిది. రెండవ పునాదిని మొదట పాతకాలపు చేతిలెక్కల పద్ధతిలోనే రూపొందించిరి. అది 1993లో సముద్రమున నిలిచినది.

ఇరువైపుల పాఠములను నేర్చినవారి తీరు ఎట్లుండునో ‘ఎయిర్‌బస్ ఎ 380’ విమానపు రెక్క చూపినది. విమానము తన జీవితకాలమున ఎదుర్కొనగల అత్యధిక భారమునకు ఒకటిన్నర రెట్లు రెక్క తట్టుకొనవలెనని నియమము. ఆ రెక్కను కంప్యూటరులో ఎన్నోమారులు లెక్కించియుండిరి. అయినను 2006 ఫిబ్రవరిలో ఫ్రాన్సులోని తులూజ్ నగరమున నిజమైన రెక్కను విరుగువరకు వంచిరి. అది 1.5 రెట్లు చేరకమునుపే, 1.45 రెట్లు దాటగనే విరిగినది. తేడా మూడు శాతము లోపు. గణనము ఎంత నమ్మదగినదో, ఎంతవరకు నమ్మదగినదో ఒకే దినమున తేలినది. విరిగినచోట కొలిచిన అంకెలతో గణనమును సరిదిద్ది, కొలదిపాటి లోహముతో రెక్కను బలపరచిరి. మరియొక రెక్క విరువవలసిన పని లేకపోయెను. ఆ యేటి డిసెంబరులో విమానమునకు అనుమతి లభించినది.

ఇదియే నేడు నిలిచిన పని విభజన. వంద ఆకృతులలో పనికిరాని తొంబదింటిని తీసివేయుటకు, కంటికి కానరాని లోపలి బలములను తెలిసికొనుటకు, పరికరమును ఎచట అమర్చి కొలువవలెనో నిర్ణయించుటకు అనుకరణము తగినది. వ్రాసిన సూత్రములు ప్రకృతి సూత్రములేనా, మనము మరచిన బలమేదైన కలదా యని తేల్చుటకు ప్రయోగము తగినది. ఇంజనీరు తన్ను తాను రెండు ప్రశ్నలు వేసికొనవలెను: లెక్కను సరిగా కట్టితినా? సరియైన లెక్కనే కట్టితినా? మొదటిదానికి గణితము సాక్షి; రెండవదానికి ప్రయోగశాల సాక్షి.

అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచినచో చాలునని మన గృహిణులకు తెలియును. ఆ మెతుకు ప్రత్యక్షము. కుండెడు అన్నము సంగతి అనుమానము. అన్ని మెతుకులకును ఒకే నీరు, ఒకే మంట తగిలినవను తెలివిడి ఆ రెండింటిని కలుపుచున్నది. మంట ఒకవైపే తగిలిన కుండలో పైమెతుకును మాత్రమే పట్టి చూచినవారు అడుగు మాడిన సంగతిని వడ్డన వేళ గ్రహింతురు. ఓడలకు, విమానములకు, సముద్రపు కట్టడములకు ఆ వడ్డన వేళ రాకమునుపే ఈ రెండు సాక్షులను నిలిపి, ఒకరి మాటతో వేరొకరి మాటను సరిచూచుకొనుటయే ఇంజనీరు ధర్మము.