ఏటికి ఎదురీదే చేపకు దారి



గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే చాలు, ఆ జిల్లాల ఇళ్ళల్లో పులస మాట వస్తుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత మీలో వినని వారుండరు. చేప గుమ్మం తొక్కని ఇళ్ళల్లో కూడా ఆ సామెత వాడుతూనే ఉంటారు. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని విలస అంటారు. గుడ్లు పెట్టుకోవడానికి ఏటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాకే అది పులస అవుతుంది. పైకి వెళ్దామంటే ధవళేశ్వరం దగ్గర దానికి అడ్డుకట్ట. 1852లో పూర్తయిన కాటన్ దొరగారి ఆనకట్ట మన కంచంలోకి అన్నం తెచ్చింది. దాన్ని తప్పుపట్టేందుకు మనకు నోరు రాదు. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. నదికి అడ్డం కట్టేటప్పుడు, ఆ నదినే పుట్టిల్లుగా ఎంచుకున్న ప్రాణుల సంగతి ఎవరు చూడాలి?

ఈ ప్రశ్నతో నలభై ఏళ్ళకు పైగా కుస్తీ పడుతున్న నది ఒకటుంది. అమెరికా వాయవ్య మూలన పారే కొలంబియా నది. కెనడా కొండల్లో పుట్టి, దాదాపు 2,000 కిలోమీటర్లు నడిచి పసిఫిక్ సముద్రంలో కలుస్తుంది. దాని చరిత్రే ఈవేళ మీతో చెప్పుకుందామని.

మనకు పులస ఎలాగో, వాళ్ళకు సాల్మన్ చేప అలాగ. కొండవాగులో గులకరాళ్ళ నడుమ పుడుతుంది. చిన్నపిల్లగా ఉండగానే ప్రవాహం వెంట సముద్రానికి పోతుంది. అక్కడ కొన్నేళ్ళు పెరిగి పెద్దదై, తాను పుట్టిన వాగునే వాసనపట్టి వెతుక్కుంటూ తిరిగి వస్తుంది. ఏరెక్కే దారిలో తిండి ముట్టదు. ఒంట్లో ఉన్న కొవ్వే దారిబత్తెం. గుడ్లు పెట్టాక అక్కడే ప్రాణం విడుస్తుంది. పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వచ్చి, అక్కడే కన్నుమూసే తల్లి అన్నమాట.

ఆ నది ఒడ్డున ఉండే ఆదివాసులకు ఈ చేపే జీవనాధారం. సెలైలో అనే జలపాతం దగ్గర మగవాళ్ళు కొయ్య మంచెల మీద నిలబడి వలలతో చేపలు పట్టేవారు. ఆడవాళ్ళు వాటిని కోసి, గాలికి ఆరబెట్టి, దంచి, చలికాలానికి దాచేవారు. మనం ఎండల్లో వడియాలు, ఒరుగులు పెట్టుకున్నట్టే. 1855లో ప్రభుత్వంతో ఒప్పందాలు రాసుకున్నప్పుడు, చాలా భూమి వదులుకున్నా, అలవాటైన చోట్ల చేపలు పట్టుకునే హక్కు మాత్రం వదులుకోమని ఆ తెగలు రాయించుకున్నాయి.

తరవాత ఆనకట్టల కాలం వచ్చింది. 1938లో బోన్‌విల్ డ్యాం పూర్తయింది. దానికి పక్కగా చేపలకోసం మెట్లు కట్టారు. ఒకదానిపై ఒకటిగా నీటి తొట్లు, ఒక తొట్టిలోంచి పై తొట్టిలోకి చేప దూకుతూ వెళ్ళాలి. బాగానే ఉంది కదా అనుకుంటాం. కాని ఎగువన కట్టిన గ్రాండ్ కూలీ డ్యాం సుమారు 550 అడుగుల ఎత్తు. అంత ఎత్తుకు మెట్లు కట్టడం కుదరదన్నారు. పైనున్న వాగులన్నీ చేపకు శాశ్వతంగా మూసుకుపోయాయి. 1940 జూన్‌లో, కెటిల్ జలపాతం మునిగిపోయే ముందు, ఆదివాసులు అక్కడ గుమిగూడి మూడురోజులు దుఃఖించారు. దాన్ని కన్నీటి ఉత్సవం అని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1957 మార్చి 10న డాలస్ డ్యాం తలుపులు మూశారు. కొన్ని గంటల్లోనే సెలైలో జలపాతం కూడా నీటి అడుగుకు వెళ్ళిపోయింది.

పైకెక్కే పెద్దచేపలకు మెట్లున్నాయి, సరే. మరి కిందికి దిగే పిల్లల మాటో? ఇదివరకు వసంతంలో మంచు కరిగి వరద వస్తే, ఆ వరదే వాటిని సముద్రానికి తోసుకుపోయేది. ఇప్పుడు అడుగడుగునా నిలవనీళ్ళ చెరువులు. ప్రయాణం ఆలస్యం. ఆ లోపల పెద్దచేపలు, పక్షులు వాటిని పొట్టన పెట్టుకుంటాయి. మిగిలినవాటిలో కొన్ని కరెంటు తీసే టర్బైన్లలో పడి నలిగిపోతాయి. పూర్వం ఏటా కోటి నుంచి కోటీ అరవై లక్షల దాకా చేపలు తిరిగివచ్చేవని తరవాత లెక్కగట్టారు. 1970ల చివరికి అవి 25 లక్షలకు దిగిపోయాయి. చేపలు పెంచే కేంద్రాల్లో పుట్టినవి కూడా ఆ లెక్కలోవే!

అప్పుడు 1980 డిసెంబరులో అమెరికా పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఇడహో, మోంటానా, ఆరెగాన్, వాషింగ్టన్ అనే నాలుగు రాష్ట్రాలనుంచి ఇద్దరిద్దరు చొప్పున ఎనిమిదిమందితో ఒక మండలి ఏర్పడింది. కరెంటు ఎంత కావాలో ప్రణాళిక వెయ్యడం ఒక పని. ఆనకట్టలవల్ల నష్టపోయిన చేపలకూ, అడవి జంతువులకూ ప్రణాళిక వెయ్యడం రెండో పని. రెండూ ఒకే చేతిలో పెట్టడంలోనే ఉంది కిటుకు. చేపల శాఖలనూ, ఆదివాసీ తెగలనూ ముందుగా సలహా అడగాలని చట్టంలోనే రాశారు. ఇంకో విశేషం ఏమిటంటే, ఖర్చు కరెంటు అమ్మిన డబ్బులోంచే రావాలి. అంటే అక్కడ స్విచ్చి వేసిన ప్రతి ఇల్లాలూ తన బిల్లులో కొంత చేప బాకీ కూడా తీరుస్తోందన్నమాట. మనం వాడుకున్నదానికి మనమే మూల్యం చెల్లించడం న్యాయమే కదూ?

1982 నవంబరులో మొదటి ప్రణాళిక వచ్చింది. ఏప్రిల్ మధ్యనుంచి జూన్ మధ్యదాకా, పిల్లచేపలు కిందికి దిగే రోజుల్లో, రిజర్వాయర్లలోని నీళ్ళు కొంత వాటికోసమే వదలమన్నారు. 1987లో చేపల సంఖ్యను రెట్టింపు చేసి 50 లక్షలకు తేవాలని గురి పెట్టుకున్నారు. 1988లో సుమారు 44,000 మైళ్ళ వాగులూ వంకలమీద కొత్త జలవిద్యుత్ కేంద్రాలు వద్దని గీత గీశారు. జలాశయాల కింద మునిగిన లోయల్లో జింకలు, పక్షులు చలికాలం తలదాచుకునేవి. ఏ డ్యాం ఎంత నెలవు ముంచిందో లెక్కకట్టి, దానికి బదులు మరోచోట భూమి కొని కాపాడడం మొదలుపెట్టారు.

ఇంత పెద్ద నదికి ఒకచోట కూర్చుని మందు రాస్తే చాలదని తెలుసుకున్నారు. 2004, 2005 సంవత్సరాల్లో ఉపనదుల వారీగా 50కి పైబడి ప్రణాళికలు తయారయ్యాయి. రైతులు, తెగలవాళ్ళు, స్థానిక అధికారులు కూర్చుని మూడు లెక్కలు రాశారు. ఇప్పుడున్న స్థితి ఏమిటి? ఇంతవరకు ఏం చేశాం? ఇకముందు ఏం చెయ్యాలి? నెల మొదట్లో మనం డబ్బాలు దించి చూసుకుని, సరుకుల చీటీ రాసుకోమూ, అచ్చంగా అదే పద్ధతి.

మరి ఫలితం? దాచకుండా చెప్పాలి. 50 లక్షల గురి అందలేదు. ఇడహోలో రెడ్‌ఫిష్ సరస్సు అని ఒకటుంది. సముద్రానికి 1,450 కిలోమీటర్ల దూరాన, 6,500 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడికి చేరాలంటే చేప ఎనిమిది డ్యాములు దాటాలి. 1992లో ఆ సరస్సుకు తిరిగివచ్చిన సాకై జాతి సాల్మన్ ఒక్కటంటే ఒక్కటి. అదీ మగచేప. అంతకుముందు ఏడాదే ఆ జాతిని నశించిపోయే ప్రమాదమున్నవాటిలో చేర్చారు. మిగిలిన ఆ గుప్పెడు చేపలనుంచి పిల్లల్ని చేయించి, పెంచి, సరస్సులో వదిలారు. 2014లో 1,500 పైచిలుకు తిరిగివచ్చాయి. హమ్మయ్య అనుకునేలోగా 2015 వేసవిలో నది నీళ్ళు వేడెక్కి, పైకి బయల్దేరినవాటిలో చాలామట్టుకు దారిలోనే చచ్చిపోయాయి. ఒకసారి తెగిన దారి అతకడం అంత తేలిక కాదు.

అలాగని వాళ్ళ శ్రమ వృథా అనగలమా? ఆ శ్రమే లేకపోతే ఆ సరస్సు పేరుకు కారణమైన ఎర్రచేప ఈపాటికి బొమ్మల్లోనే కనిపించేది. అయితే కట్టకముందు ఒక పూట కూర్చుని ఆలోచిస్తే తేలేపని, కట్టాక తరాల తరబడి ఖర్చు పెట్టినా తేలడం లేదని మాత్రం ఆ నది చెబుతోంది.

డ్యాములూ, చేపలూ మగవాళ్ళ వ్యవహారాలు, మనకెందుకనుకోవద్దు. వండేది మనం, దీపం పెట్టేది మనం, కరెంటు బిల్లు చూసి ముందుగా ఉలిక్కిపడేదీ మనమే. రేపు మీ ఊరి ఏటిమీద ఏదో కడతామని సభ పెడితే, వెళ్ళి కూర్చోండి. నీళ్ళెన్ని, కరెంటెంత అని అందరూ అడుగుతారు. ఈ ఏట్లో ఏ చేప ఏ నెలలో ఎక్కుతుంది, దానికి దారెక్కడ పెడుతున్నారు అని మీరు అడగండి. ఆ ప్రశ్న ముందే అడిగినవాళ్ళు లేకనే గదా, కెటిల్ జలపాతం దగ్గర అంతమంది కన్నీరు పెట్టుకోవలసి వచ్చింది!