నాయనమ్మ రేకు డబ్బాలో పన్నెండు గోలీలు

పోయిన దసరాకు ముందు గోండ్‌పిప్రిలో ఇంటికి సున్నం వేయిస్తుంటే అటక మీంచి నాయనమ్మ రేకు డబ్బా దిగింది. లోపల గుండీలు, చెల్లని పైసలు, పాత రేషన్ చీటీ, అడుగున కాగితంలో మడిచిన తెల్ల గోలీలు. లెక్కపెడితే పన్నెండు. అమ్మ చూడగానే గుర్తుపట్టింది. "హత్తీపాయ్ గోలీలు ఇవి. మనిషికి మూడు చొప్పున నలుగురివి. ఇచ్చినోళ్లు అటు పోంగనే మీ నాయనమ్మ చుట్టి దాచింది. ఒక్కరం మింగలే" అంది.

మరాఠీలో హత్తీపాయ్, తెలుగులో బోదకాలు, మేము బడిలో చదువుకున్న కన్నడలో ఆనెకాలు. మా ఇంటికి ఈ జబ్బు కొత్త కాదు. నాయనమ్మ అక్కకు, మేము పెద్దనాయనమ్మ అనేవాళ్లం, ఎడమ కాలు మోకాలి కింద నుంచి పూర్తిగా బోదెక్కి ఉండేది. పెళ్లిళ్లలో ఎప్పుడూ గోడ పక్కనే కూర్చునేది. చీర కుచ్చిళ్లు నేలకు రాసేలా కట్టేది. వర్షాకాలం వచ్చిందంటే చలిజ్వరం, కాలు ఎర్రబడటం, నాలుగు రోజులు మంచం. ఆమెకు పిల్లనిచ్చేటప్పుడు, పిల్లను తెచ్చుకునేటప్పుడు ఆ కాలి మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

మందు మాత్రం ఆగలేదు. నది అవతల సిర్పూర్ వైపు నుంచి ఒకాయన వచ్చి ఆకు పసరు పట్టు వేసేవాడు. ఏ ఆకు అని తాత అడిగితే, చెబితే గుణం పోతుందని చెప్పలేదట. ఆయన పోయాక ఆ మందూ ఆయనతోనే పోయింది. పని చేసిందా లేదా అన్నది కూడా ఈరోజు ఎవరం చెప్పలేం. ఎంతమందికి వేశాడు, ఎందరికి తగ్గింది, ఎవరికి పుండు పడింది, ఏదీ రాసి లేదు. మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. ఎక్కడ చెడిందో రాసిపెట్టని పరీక్షను మా ఆఫీసులో పరీక్ష అనరు. ఆకుల మీద మాకు చులకన లేదు. జ్వరమొస్తే నేలవేము కషాయం తాగి పెరిగినవాళ్లమే. మా అభ్యంతరం ఆకు మీద కాదు, ఆ రహస్యం మీద.

ఇప్పుడు డబ్బాలోని గోలీ సంగతి. దాని పేరు డైఈథైల్‌కార్బమజైన్, పొట్టిగా డి.ఇ.సి. 1947లో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల దీన్ని హెట్రజాన్ అన్న పేరుతో బయటపెట్టింది. అప్పుడు అక్కడ పరిశోధనా విభాగానికి పెద్ద, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇది చదివిన రోజు మేము అమ్మకు ఫోన్ చేసి చెప్పాం. "మనోడా?" అంది. మాకు భీమవరం కన్నా నాగ్‌పూర్ దగ్గర, అయినా ఆ మాటకు మాకూ లోపల ఏదో కదిలింది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ దాటలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కోటు వేసుకుని సర్జరీ ప్రొఫెసరు కోపానికి గురై, పూర్తి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డారు. స్ప్రూ అనే పేగుల జబ్బుకు ఇద్దరు సోదరులను పోగొట్టుకున్నారు. ఆ తర్వాత ఆయన చేసిన పని మాకు చాలా నచ్చింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పడానికి చేరి, ఆయుర్వేద మందులు నిజంగా ఎలా పనిచేస్తాయో ఆధునిక పద్ధతిలో తేల్చాలని చూశారు. ఆకునూ, ప్రయోగశాలనూ ఆయన రెండు పార్టీలుగా చూడలేదు. 1922 అక్టోబరులో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు చదువుతూ, రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి బతికారు. 1940లో లెడర్లీకి వెళ్లారు.

ఇక్కడ ఒక మాట. మన తెలుగు కుటుంబాల వాట్సాప్‌లలో సుబ్బారావుగారి పేరున తిరిగే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. ఏ.టి.పి. ఆయన ఒక్కరే కనుక్కున్నారని, కేన్సర్ మందు ఒక్కరే చేశారని, టెట్రాసైక్లిన్ కూడా ఆయనదేనని. అంత పెంచక్కర్లేదు, ఉన్నదే చాలా ఎక్కువ. ఏ.టి.పి. 1929లో ఫిస్క్‌తో కలిసి చేసిన పని, అదే ఏడాది జర్మనీలో లోమాన్ విడిగా కనుక్కున్నాడు. టెట్రాసైక్లిన్లలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను సుబ్బారావు విభాగంలోనే పట్టుకున్నవాడు బెంజమిన్ డగ్గర్. హెట్రజాన్‌ను పత్తి ఎలుకల మీద పరీక్షించిందీ, తర్వాత ప్యూర్టోరికోలో రోగులకు ఇచ్చి చూసిందీ హ్యూవిట్, అతని సహచరులు. ఒక పెద్ద గుంపు చేత పని చేయించడం సుబ్బారావు గొప్పతనం.

వాటిలో ఫోలిక్ ఆమ్లం కథ ఆకుతోనే మొదలవుతుంది. 1931లో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ బొంబాయిలో గర్భిణుల రక్తహీనతకు ఈస్టు నుంచి తీసిన మార్మైట్ పెట్టి నయం చేసింది. అందులో ఏముందో అప్పుడు ఎవరికీ తెలీదు. 1941లో టెక్సస్‌లో నాలుగు టన్నుల పాలకూర నుంచి చిటికెడు పదార్థం తీసి, లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు కాబట్టి ఫోలిక్ అని పేరు పెట్టారు. 1945లో సుబ్బారావు బృందం దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. నాలుగు టన్నుల పాలకూర అవసరం తీరిపోయింది. ఈరోజు మన పల్లెల్లో గర్భిణికిచ్చే ఐరన్ గోలీలోనూ, ఈ విదర్భ ప్రాంతంలో ఎందరికో ఉన్న సికిల్ సెల్ జబ్బుకు ఇచ్చే మందుల్లోనూ అదే ఉంది. స్ప్రూ రోగులకూ అది పనిచేసింది, సోదరులు పోయిన పాతికేళ్ల తర్వాత.

అదే ఫోలిక్ ఆమ్లం రక్తకేన్సర్ పిల్లలకు ఇస్తే జబ్బు ఇంకా ముదిరినట్టు సిడ్నీ ఫార్బర్ గమనించాడు. అయితే దానికి అడ్డుపడేది ఇస్తే? లెడర్లీ వాళ్లు ఎమినాప్టెరిన్ చేసిచ్చారు. 1948లో ఫార్బర్ ప్రకటించిన లెక్క: 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగైంది, అదీ కొంతకాలమే. కొంతకాలమే అని అతనే రాశాడు. మా పెద్దనాయనమ్మ వైద్యుడి దగ్గర లేనిది ఇదే. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్, మీ ఇళ్లలో కీళ్లవాతానికి ఎవరైనా వాడుతుండవచ్చు. అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

మళ్లీ గోలీల దగ్గరికి. నాయనమ్మ దాచింది మొండితనంతో కాదు. ఆమె అడిగిన ప్రశ్న సరైనదే: "కాలు వాచినామె చచ్చిపోయింది, మాకేం రోగమని ఈ గోలీలు?" దానికి జవాబు ఎవరూ చెప్పలేదు, అంతే. బోదకాలు పురుగు మనిషి ఒంట్లో ఏళ్ల తరబడి ఉంటుంది. దాని సన్న పిల్లలు రాత్రిపూట రక్తంలో తిరుగుతాయి, అందుకే రక్త పరీక్షకు రాత్రే వస్తారు. మురికినీటి క్యూలెక్స్ దోమ వాటిని ఇంకొకరికి మోస్తుంది. ఇదంతా జరిగేటప్పుడు మనిషికి ఏమీ తెలీదు. డి.ఇ.సి. ఆ పిల్లపురుగులను చంపుతుంది, బోదెక్కిన కాలును తిరిగి సన్నగా చేయలేదు. అంటే ఈ గోలీ ముఖ్యంగా బాగున్నవాళ్లది. కాలు వాచినవాళ్లకు మిగిలేది రోజూ సబ్బునీళ్లతో కడగడం, వేళ్ల సందులు తుడవడం, కాలు ఎత్తుగా పెట్టుకోవడం. పగిలిన చర్మం మీద ఏ పసరూ వద్దు. పెద్దనాయనమ్మ వర్షాకాలపు జ్వరాల్లో సగం ఆ పగుళ్లదేనేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

దేశమంతా ఇంటింటికీ ఏడాదికోసారి ఇవ్వడం 2004లో మొదలైంది, 2007 నుంచి ఆల్బెండజోల్ కలిపారు. చంద్రపూర్, గడ్చిరోలి రెండూ ఆ జాబితాలో ఉన్నవే. ఇప్పుడు కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా కలుపుతున్నారు, 2019లో నాగ్‌పూర్‌లో అలాగే ఇచ్చారు. ఆ ఐవర్‌మెక్టిన్ జపాన్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చింది. దాన్ని కనుక్కున్నవాళ్లతో 2015 నోబెల్ పంచుకున్న తూ యూయూ మలేరియా మందును తీసింది ఆకు నుంచే. పాత చైనా గ్రంథంలో ఆ ఆకును నీళ్లలో నానబెట్టి పిండి తాగమని ఉంది, ఉడికించమని లేదు. ఆ ఒక్క మాట పట్టుకుని వేడి తగ్గించి చూస్తే మందు చెడకుండా వచ్చింది. ఎప్పుడో ఎవరో ఆ ఆకు పేరు దాచకుండా రాసిపెట్టారు కాబట్టి ఆమె చేతికి అందింది.

ఆ పన్నెండు గోలీలు మింగని నలుగురిలో బాబాయి ఒకడు. కొన్నేళ్లకు ఆయనకు బుడ్డ దిగింది. సిగ్గుపడి రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు, పొలానికి పోవడం కూడా మానేశాడు. చివరికి ఆపరేషన్ చేయించారు, ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఆ ఏడాది గోలీ మింగితే రాకపోయేదా? చెప్పలేం. అప్పటికే లోపల ఉండి ఉండవచ్చు. బాబాయి మాత్రం డబ్బా తెరిచిన రోజు ఆ కాగితాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. పాతబడ్డవి కాబట్టి గోలీలు పారేశాం.

మొన్న ఆశా తాయి మళ్లీ వచ్చింది. మేము ఇంట్లోనే ఉన్నాం. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, మంచాన పడ్డవాళ్లకు ఇవ్వమని, మిగతావాళ్లు తన ముందే మింగాలని చెప్పింది. పరగడుపున వద్దంటే అమ్మ అందరికీ ముందు అన్నం పెట్టింది. కొందరికి కాస్త తల తిరగడం, జ్వరం రావచ్చని, అది లోపల పురుగులు చావడం వల్లనని తాయి మరాఠీలో చెబుతుంటే అమ్మ తెలుగులో పక్కింటామెకు చెప్పింది.

బాబాయి గోలీ అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీని మీద ఆయన పేరేం లేదు కదరా" అన్నాడు. లేదన్నాం. నీళ్లు అడిగాడు.